'పెడెస్ట్రియన్': పాదచారి లేని చోట ఈ మాటను ఎలా వాడాలి

ఉద్యోగ దరఖాస్తులు దిద్దిపెట్టమని మా ఇంటికి వచ్చే పిల్లలు నాకు కొత్త కాదు. ఓసారి ఒక అబ్బాయి తెచ్చిన కాగితంలో రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. తాను 'పెడెస్ట్రియన్ ఫ్యామిలీ' నుంచి వచ్చానని ఇంగ్లీషులో రాశాడు. "మీ ఇంట్లో అందరూ నడిచే తిరుగుతారా నాయనా?" అని అడిగాను. బిక్కమొహం వేశాడు. "కాదు సార్, మాది సాధారణ కుటుంబం అని చెప్పాలనుకున్నాను. ఆర్డినరీ అంటే మరీ చిన్న మాటలా ఉందని నిఘంటువు చూసి ఇది పెట్టాను" అన్నాడు.

నిఘంటువు అబద్ధం చెప్పలేదు. పెడెస్ట్రియన్‌కు 'సాధారణమైన' అనే అర్థం ఉంది. కాని ఆ సాధారణత్వంలో ఒక పెదవి విరుపు కలిసి ఉంటుంది. ఆ సంగతి నిఘంటువు ఒక్క ముక్కలో చెప్పదు. పాపం, ఉద్యోగం అడగబోయి ఆ అబ్బాయి తన ఇంటివాళ్లనే వెక్కిరించి వచ్చేవాడు.

మీరు ఇంగ్లీషులో సమీక్షలు రాస్తున్నా, అనువాదాలు చేస్తున్నా, పోటీ పరీక్షలకు పదాలు బట్టీ పడుతున్నా ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. దాన్ని పొరపాటు లేకుండా వాడాలంటే కింది పనులు వరసగా చేయండి.

1. ముందు గుర్రాన్ని చూడండి

లాటిన్‌లో 'పెస్' అంటే పాదం. దాని నుంచి వచ్చిన 'పెడెస్టర్' అంటే కాలినడకన పోయేది. దీనికి ఎదురుమాట 'ఈక్వెస్టర్', గుర్రం మీద పోయేది. రోమన్ సైన్యంలో అశ్వికుల లెక్క వేరు, పదాతుల లెక్క వేరు. గుర్రం ఉన్నవాడి హోదా ఏమిటో చెప్పనక్కరలేదు. ఇదే తేడాను వాళ్లు భాషకూ అంటగట్టారు. ఛందస్సులో సాగే కవిత్వం గుర్రమెక్కి పోతుంది, వచనం నేల మీద నడుస్తుంది అన్నమాట. గ్రీకులు కూడా వచనాన్ని 'కాలినడక మాట' అనే అనేవారు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు రోమన్ కవి హోరేస్, ఛందస్సులోనే రాసినా మామూలు సంభాషణలా సాగే తన అధిక్షేప కవితల గురించి చెబుతూ, తన కవితాదేవత కాలినడకన వస్తుందన్నాడు. అది ఆయన వినయం. ఈ వినయం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంగ్లీషులోకి ఈ విశేషణం పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో వచ్చింది. వచ్చినప్పుడు చేసిన పని చప్పని రచనను తీసిపారేయడం. రోడ్డు మీద నడిచే మనిషి అనే అర్థం స్థిరపడింది ఆ శతాబ్దం చివరి భాగంలో. అంటే మనం జీబ్రా క్రాసింగ్ దగ్గర నేర్చుకునే అర్థమే తమ్ముడు, పుస్తకాల్లో కనిపించేది అన్న.

ఇక్కడే తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. మన సంప్రదాయంలో పాదం వచనానిది కాదు, పద్యానిది. పాదాలు ఉంటాయి కాబట్టే అది పద్యం. గద్యం అనే మాట 'పలకడం' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది, దానికి కాళ్లతో సంబంధం లేదు. రోమన్లు కాళ్లు ఇచ్చింది వచనానికి, మనం ఇచ్చింది పద్యానికి. పైగా మన దగ్గర నడక మెప్పుమాట. "ఆయన వచనంలో నడక ఉంది", "ఈ సీసంలో నడక కుదిరింది" అంటాం. నడక లేకపోతేనే లోపం. కాబట్టి 'నడిచే వచనం' అనగానే తెలుగు చెవికి పొగడ్తలా వినిపిస్తుంది, ఇంగ్లీషు చెవికి తెగడ్తలా వినిపిస్తుంది. ఈ మాట వాడేటప్పుడు మాత్రం మీ చెవిని కాస్త పక్కన పెట్టి, గుర్రం మీద కూర్చున్నవాడు కింద నడిచేవాడిని చూసే చూపును అరువు తెచ్చుకోండి.

ఈ మాట చుట్టాలు మన మధ్యే ఉన్నారు. ఆఫీసులో 'ప్యూను' పోర్చుగీసుల దగ్గర నుంచి వచ్చిన కాల్బంటు మాట, మూలం అదే పాదం. చదరంగంలో మనం బంటు అనే పావును ఇంగ్లీషులో 'పాన్' అంటారు. అదీ అదే ఇంటిది. ఈ వంశంలో ఎవరికీ గుర్రం దక్కలేదు.

2. ఆశ పెట్టుకున్న చోటేనా అని అడగండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని. నిదానంగా చేయండి.

పేరున్న హోటలుకు వెళ్లి బిర్యానీ తెప్పించారనుకోండి. మెతుకు ఉడికింది. ఉప్పు సరిపోయింది. ముక్క మెత్తగానే ఉంది. ఫిర్యాదు చేయడానికి ఏమీ లేదు. కాని రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి మొదటి ముద్ద గుర్తులేదు. చేయి కడుక్కుని బయటికి వచ్చాక "ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే, "ఆ, ఉంది" అంటారు. ఆ 'ఉంది' దగ్గర మీ గొంతులో ఏ స్వరం పలికిందో, అదే పెడెస్ట్రియన్.

ఇందులో మూడు సంగతులున్నాయి. పని చేసినవాడికి పని వచ్చు. చేసినదాంట్లో చెప్పుకోదగ్గ తప్పు లేదు. అయినా అక్కడ ఊహ, చమత్కారం, కాస్త కొత్తదనం ఉంటాయని మనం ఆశించాం, అవి దొరకలేదు. మూడూ ఉన్నప్పుడే ఈ మాట అతుకుతుంది.

బిర్యానీ మాడిపోతే అది పెడెస్ట్రియన్ కాదు, పాడు వంట. నటుడు సంభాషణలు మరిచిపోతే అది పెడెస్ట్రియన్ నటన కాదు, అసలు నటనే కాదు. అలాగే మూడో షరతును వదిలేయకండి. రైల్వే టైంటేబుల్‌లో ఊహాశక్తి ఉండాలని ఎవరూ కోరరు, ఉంటే ప్రమాదం కూడా. కాబట్టి టైంటేబుల్‌ను, కరెంటు బిల్లును, మందుల చీటీని పెడెస్ట్రియన్ అంటే వాక్యం వింతగా ఉంటుంది. గుర్రం ఎక్కాల్సిన చోట నడిచినవాడినే ఆ మాట అనాలి. అసలు నడవడానికే వచ్చినవాడిని అనకూడదు.

మన అబ్బాయి దరఖాస్తు ఎక్కడ తప్పిందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. కుటుంబం ఎవరి ముందూ ప్రదర్శనకు పెట్టే వస్తువు కాదు. సాదాసీదాగా బతకడం లోపమూ కాదు. అక్కడ అతను కోరుకున్నది మోడెస్ట్ అనే మాట. దానిలో డబ్బు తక్కువ అన్న సూచన ఉన్నా, మర్యాద చెడదు.

3. సరైన నామవాచకం పక్కన కూర్చోబెట్టండి

ఈ విశేషణం ఎవరి పక్కన పడితే వారి పక్కన కూర్చోదు. మనిషి తయారుచేసిన, ప్రదర్శించిన, రాసిన వాటి పక్కన ఇముడుతుంది. వచనం, అనువాదం, ప్రసంగం, దర్శకత్వం, కథాకథనం, సంగీత కచేరీ, భవనం నమూనా, హోటలు మెనూ: వీటిలో దేనితోనైనా వాడవచ్చు. ఇంగ్లీషులో సినిమా సమీక్ష రాసేవాళ్లకు స్క్రీన్‌ప్లేతో దీన్ని జత చేయడం అలవాటు.

మనుషులతో వద్దు. ఒకరిని చూపించి 'హీ ఈజ్ ఎ పెడెస్ట్రియన్' అంటే అతను నడుస్తున్నాడనే అర్థం. 'పెడెస్ట్రియన్ రైటర్' అనే వాడుక లేకపోలేదు, కాని అందులో మనిషికే ముద్ర వేసిన కటువుదనం ఉంటుంది. అతని నవల పెడెస్ట్రియన్ అనండి, చాలు. రచయిత రేపు మరో నవల రాస్తాడు.

ప్రకృతితోనూ వద్దు. సూర్యాస్తమయం పెడెస్ట్రియన్‌గా ఉందని అంటే హాస్యానికి అన్నారనుకుంటారు.

క్రికెట్‌లో ఈ మాట ఇంకో దారి పట్టింది. అక్కడ పరుగుల వేగాన్ని గాని, బంతి వేగాన్ని గాని పెడెస్ట్రియన్ అంటే మందకొడిగా ఉందని. నడక కదా, నెమ్మది సహజం. అయితే అక్కడ కూడా లోపలి విసుగు అదే. ఇరవై ఓవర్ల ఆటలో ఓవర్‌కు నాలుగు పరుగులు చేస్తున్నవాళ్ల మీద వ్యాఖ్యాత ఈ మాట విసిరాడంటే, వాళ్లు గుర్రమెక్కాలని ఆయన కోరుకుంటున్నాడన్నమాటే.

4. వాక్యంలో చోటు చూసుకోండి

రోడ్డుకు, నడకకు సంబంధం ఉన్న నామవాచకం ముందు పెడితే ఈ మాట పాదచారి అర్థంలోకి జారిపోతుంది. వంతెన, దారి, సిగ్నల్, రద్దీ: వీటి ముందు మీరెంత పెదవి విరిచినా ఎవరికీ తెలియదు. కొత్తగా కట్టిన వంతెన అందంగా లేదని చెప్పాలని 'పెడెస్ట్రియన్ బ్రిడ్జ్' అని రాస్తే, నడిచేవాళ్ల కోసం కట్టారు కాబోలు అనుకుని పాఠకుడు ముందుకు పోతాడు. అలాంటప్పుడు విశేషణాన్ని వెనక్కి పంపండి. వంతెన 'నమూనా' పెడెస్ట్రియన్‌గా ఉంది అనే తీరులో, అంటే 'ది డిజైన్ ఈజ్ పెడెస్ట్రియన్' అని రాస్తే అనుమానానికి తావుండదు. నామవాచకం తర్వాత, 'ఈజ్', 'వాజ్' వెనకాల నిలబెట్టడం ఎప్పుడైనా క్షేమం.

దీని నుంచి క్రియ చేయాలని మాత్రం ప్రయత్నించకండి. 'పెడెస్ట్రియనైజ్' అంటే చప్పగా మార్చడం కాదు, వాహనాలను ఆపి వీధిని నడిచేవాళ్లకు వదలడం. హైదరాబాద్‌లో చార్మినార్ పెడెస్ట్రియనైజేషన్ ప్రాజెక్టు అని ఉంది. చార్మినార్‌ను మామూలు కట్టడంగా మార్చేస్తున్నారని ఎవరైనా అనువదిస్తే పాతబస్తీ ఊరుకుంటుందా?

'పెడెస్ట్రియనిజం' కూడా అంతే. పందొమ్మిదో శతాబ్దంలో అది పందేలు కాసి నడిచే ఆట పేరు. 1809లో బ్రిటన్‌లోని న్యూమార్కెట్‌లో కెప్టెన్ బార్క్లే గంటకో మైలు చొప్పున 1000 గంటల్లో 1000 మైళ్లు నడిచాడు. అంటే 41 రోజుల పైచిలుకు, ఒక్క రాత్రి కూడా తెరిపి లేకుండా. పందెం 1000 గినీలు. జనం విరగబడి చూశారు. నడకలో అంతకంటే ఉత్కంఠ ఎక్కడుంటుంది? అయినా పేరు మాత్రం పెడెస్ట్రియనిజమే. 'చప్పదనం' అనే నామవాచకం మీకు కావలసి వస్తే వేరే మాట వెతుక్కోండి.

తరతమ భేదాలకు ముందు 'మోర్' చేర్చండి. ఉచ్చారణలో రెండో అక్షరం 'డె' మీద ఊనిక పడాలి, మొదటి 'పె' తేలికగా పోవాలి. ఇంగ్లీషులో రాసేటప్పుడు 'd' అక్షరం తర్వాత 'e' వస్తుంది, 'a' కాదు. ఈ తప్పు చాలా దరఖాస్తుల్లో చూశాను.

5. పదును చూసుకోండి, కారణం జతచేయండి

బ్రిటిష్ వాడుకలో దీని ముందు 'రాదర్' అనో, 'సమ్‌వాట్' అనో చేర్చడం రివాజు. చూడ్డానికి మెత్తబరిచినట్టు ఉంటుంది గాని, చాలాసార్లు ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుతుంది. మన పెద్దవాళ్లు పెళ్లి భోజనం గురించి "బాగానే పెట్టారులెండి" అన్నప్పుడు ఆ 'లెండి'లో ఎంత ఉందో, ఇక్కడా అంతే ఉంది. నిజంగా మెత్తబరచాలంటే విమర్శను ఒక చోటుకు కట్టేయండి. నాటకం మొత్తం అనకుండా, రెండో అంకం పెడెస్ట్రియన్‌గా ఉందనండి.

ఈ మాటను ఒంటరిగా వదలకండి. ఇది తీర్పు. తీర్పు పక్కన సాక్ష్యం ఉండాలి. ఒక సినిమా గురించి మీ మొదటి చిత్తుప్రతిలో 'స్క్రీన్‌ప్లే పెడెస్ట్రియన్' అని ఉందనుకోండి. అది చదివినవాడికి మీకు నచ్చలేదన్న సంగతి తప్ప ఏమీ తెలియదు. ఇప్పుడు దాని పక్కన ఒక్క ముక్క చేర్చండి: ప్రతి సన్నివేశమూ మనం ఊహించిన చోట మొదలై ఊహించిన చోటే ఆగింది. ఇంకాస్త దగ్గరికి వెళ్లండి: తండ్రి కొడుకును ఇంట్లోంచి వెళ్లగొట్టే ఘట్టంలో బయట వాన మొదలవుతుందని, తల్లి తలుపు దగ్గర నిలబడుతుందని మనకు ముందే తెలుసు, సరిగ్గా అదే జరిగింది. ఇప్పుడు విశేషణం తీసేసినా వాక్యం నిలబడుతుంది. అలా నిలబడినప్పుడే దాన్ని ఉంచండి. తీసేస్తే ఏమీ మిగలని చోట ఉంచితే, మీ సమీక్షే పెడెస్ట్రియన్ అవుతుంది.

హోరేస్ వినయం పనికొచ్చేది ఇక్కడే. మీ సొంత పని గురించి ఈ మాట నిర్భయంగా వాడవచ్చు. మీ అనువాదాన్ని స్నేహితుడికి పంపుతూ, కాస్త పెడెస్ట్రియన్‌గా వచ్చింది అని ఇంగ్లీషులో రాస్తే అది ముచ్చటైన వినయమే. అదే మాట ఎదుటివాడి పని మీద వేస్తే గుర్రం మీంచి వచ్చిన మాట అవుతుంది. పై అధికారి రాసిన నివేదిక మీద ఎలా వాడాలో నన్నడగకండి.

6. పక్కింటి మాటలతో పోల్చి చూడండి

నిఘంటువు ఒకే వరసలో పెట్టే మాటలన్నీ ఒకటి కావు.

'మండేన్' లాటిన్‌లో లోకం అనే అర్థమున్న 'ముండుస్' నుంచి వచ్చింది. మన 'లౌకికం' దీనికి అచ్చంగా సరిపోతుంది. బట్టలు ఉతుక్కోవడం, గ్యాసు బుక్ చేయడం, బ్యాంకులో వరసలో నిలబడడం మండేన్ పనులు. వాటిలో ఎవరి లోపమూ లేదు, లోకంలో ఉన్నాక తప్పవు. 'ప్రొజాయిక్' వచనానికి చెందినదే, కాని దాన్ని కారణాలకు, వివరణలకు బాగా వాడతారు. అర్ధరాత్రి పెరట్లో చప్పుడుకు దయ్యం అనుకున్నది చివరికి పిల్లి అని తేలితే, ఆ వివరణ ప్రొజాయిక్. తిట్టు లేదు, ఊరట ఉంది.

'బనాల్' కథ వినదగ్గది. మధ్యయుగపు ఫ్రాన్సులో జమీందారు పెట్టిన పొయ్యిలోనే ఊరివాళ్లు రొట్టె కాల్చుకోవాలి, ఆయన మరలోనే పిండి ఆడించుకోవాలి. ఊరందరికీ ఒకటే కాబట్టి ఆ మాటకు క్రమంగా అందరిదీ, ఆపైన పాచిపోయినది అనే అర్థాలు వచ్చాయి. అందుకే దాన్ని మాటలకు, అభిప్రాయాలకు వాడాలి. ప్రతి సభలో వినిపించే "నేటి బాలలే రేపటి పౌరులు" లాంటిది బనాల్. పెడెస్ట్రియన్ కంటే ఇది గట్టి దెబ్బ.

'ట్రైట్' అంటే అరిగిపోయినది, అరగదీయడం అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. మీట్ల మీద అంకెలు చెరిగిపోయిన పాత ఫోనును తలచుకోండి.

7. తెలుగులోకి తెచ్చేటప్పుడు

ఇంగ్లీషు సమీక్షలో ఈ మాట కనిపిస్తే వెంటనే 'సాధారణమైన' అని పెట్టేయకండి. తెలుగులో సాధారణం నిందను మోయదు. 'సాదాసీదా' ఇంకా చిక్కు, అది సగం మెప్పు. నాకు దగ్గరగా తోచేది 'పేలవం'. 'పేలవమైన కథనం' అంటే తప్పులు లేకున్నా పస లేదని తెలుగు పాఠకుడికి వెంటనే అందుతుంది. ఊహించినట్టే సాగడం అసలు లోపమైతే 'మూస' బాగుంటుంది. వంట గురించైతే 'చప్పగా' అనకండి, ఉప్పు తక్కువైందనుకుంటారు. "తినడానికి వంక లేదు, తలచుకోవడానికి రుచి లేదు" అని వాక్యం మార్చి రాయడమే మేలు. 'నాసిరకం' ఎప్పుడూ వద్దు. అది పాడు సరుకు.

8. చేయి తిప్పి చూడండి

ఈ ఆరింటిలో దేని పక్కన పెడెస్ట్రియన్‌ను పెదవి విరుపు అర్థంలో పెట్టవచ్చో, కింద చూడకుండా ముందు మీరే చెప్పండి: పదవీ విరమణ సభలో ప్రసంగం, రైలు టికెట్, ఫుట్‌పాత్, నవల అనువాదం, పరుగుల వేగం, నాయనమ్మ.

ప్రసంగం, అనువాదం నిస్సందేహంగా సరే. పరుగుల వేగం సరే గాని నెమ్మది అనే అర్థంలో. టికెట్ మీద ఎవరికీ ఆశలు ఉండవు, వదిలేయండి. ఫుట్‌పాత్ ముందు పెడితే నడిచేవాళ్లే గుర్తొస్తారు. ఇక నాయనమ్మ. ఆవిడ రోజూ పొద్దున్నే రోడ్డు దాటి గుడికి నడిచి వెళ్తుంటే, నామవాచకంగా నిక్షేపంలా వాడుకోండి.